చొక్కపు లేడి

తిరువూరు ఇంకా రెండు కిలోమీటర్లుండగానే ఉమామహేశ్వరి సీటులోంచి లేచి, తలుపు దగ్గరి కమ్మీ పట్టుకుని నిలబడింది.

"కూర్చోండమ్మా. మీరు దిగందే బస్సు కదలదుగా," అన్నాడు కండక్టరు. రోజూ అనే మాటే. ఆమె కూర్చోలేదు. అదీ రోజూ జరిగేదే.

యాభైయెనిమిదేళ్ల మనిషి. సన్నని ఒళ్లు, మణికట్ల మీద ఉబ్బిన నరాలు, సుద్దముక్క పట్టీ పట్టీ తడి ఆరిపోయిన వేళ్లు, ఒక పక్కకే అరిగిన చెప్పులు. విస్సన్నపేట శివాలయంలో అర్చకత్వం చేసిన భర్త కాలం చేసి తొమ్మిదేళ్లయింది. సంతానం లేదు. ఇరవైయేడేళ్లుగా ఇదే దారిన వచ్చి తిరువూరులోని ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతోంది. అన్నం నిలబడే తింటుంది, దీపం పెట్టి స్తోత్రమూ నిలబడే చదువుతుంది. దేవుడు ఈ పిల్ల కాళ్లలో పాదరసం పోశాడని అత్తగారు అనేవారు.

ఆ సాయంత్రం బడి వార్షికోత్సవం. పిల్లలు ఆడబోయే మాయలేడి సంగీత నాటికను రాసింది ఆమే. చిన్ననాడు తండ్రి తొడ మీద తాళం వేసి నేర్పిన ద్విపదలో, గురులఘువులు లెక్కించుకుంటూ, యతి తప్పకుండా, పదిహేను రోజులు కూర్చింది. తన పేరు ఎక్కడా వేయవద్దంది.

మధ్యాహ్నం ఆఖరి రిహార్సలు. సీత వేషం వేసే భువన ఎనిమిదో తరగతి, కిరాణా కొట్టు వారి అమ్మాయి. కాగితం చూస్తూ, చేయి చాచి పాడింది.

"చూడవే నాథ యీ చొక్కాపు లేడీ..."

రాముడు విల్లు కింద పడేసి నవ్వాడు. "చొక్కా వేసుకున్న లేడీ అంట్రా. దాని వెనకాల నేను పరిగెత్తాలంట. సీత ఊరుకుంటదా?"

ఉమామహేశ్వరి కాగితం అందుకుంది. పాటంతా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

"బోర్డు మీద తెలుగులో రాశాను కదమ్మా."

"తెలుగులో అయితే లేటవుద్దని ఇలా ఎక్కించుకున్నాం మేడమ్. గ్రూపులో అందరికీ ఇదే పెట్టాం."

"అందుకే నేను ట్రాకు చేయించా," అన్నాడు వెనకనుంచి కరస్పాండెంటు సుందరరావు. "విజయవాడలో పాడించాం. పిల్లలు పెదాలు కదిపితే చాలు. నాగేంద్రా, వెయ్యి."

మైకుసెట్టు నాగేంద్ర మీట నొక్కాడు. వయొలిన్లు మోగాయి. శిక్షణ పొందిన తీయని కంఠం ఒకటి ఆవరణంతా నిండింది. "చొక్కాపు లేడీ" అనే పాడింది. పైగా ఆ చివరి దీర్ఘం మీద చక్కని గమకం వేసింది. విజయవాడకు వెళ్లిందీ అదే కాగితం.

"ఇందులోనూ తప్పే ఉందండి. లేడి అంటే జింక. లేడీ కాదు."

"ఒక్క దీర్ఘమేగా మేడమ్. ఎవరు పట్టించుకుంటారు?"

"సీతమ్మవారి నోట వచ్చే మాటండి."

"ఇప్పుడు మార్చడం కుదరదు. అయిదున్నరకు పెద్దలొస్తారు." ఫోను చెవిన పెట్టుకుని ఆయన వెళ్లిపోయాడు.

ఆమె వేదిక నుంచి గేటు దాకా, గేటు నుంచి వేదిక దాకా తిరగసాగింది. అంతమంది వినగా జానకీదేవి పరస్త్రీని పట్టి తెమ్మని భర్తను వేడుకుంటుంది. ఆ పాట కట్టిన పాపం తనది. భువన వెనకే నడిచీ నడిచీ ఆయాసపడింది.

"మేడమ్, మీరు ఆగితే నేను నేర్చుకుంటా."

ఆమె ఆగింది. నీళ్ల ట్యాంకు గోడ మీద సుద్దతో రెండు పాదాలూ పెద్ద అక్షరాల్లో రాసింది.

చూడవే నాథ యీ చొక్కపు లేడి
వేడుక తీర్పవే వేగమె పట్టి

"చొక్కపు అంటే ఏంటి మేడమ్?"

"మచ్చలేనిది, మేలైనది." చెబుతూనే ఆమె ముఖం వాడిపోయింది. నెల రోజులు అందరి చేతా కలిపి పాట వల్లె వేయించింది. అర్థం మాత్రం చెప్పడం ఇదే మొదటిసారి. "లేడి దగ్గర సాగదీయకు. గిట్ట నేలకు తగిలీ తగలనట్టు విడిచెయ్."

పదకొండోసారికి సరిగ్గా వచ్చింది. భువన కళ్లు మెరిశాయి, వెంటనే చిన్నబోయాయి.

"ట్రాకే వేస్తారుగా మేడమ్?"

ఉమామహేశ్వరి సుద్దముక్క సంచీలో వేసుకుంది. అయిదుంబావుకు నాగేంద్ర దగ్గరకు వెళ్లి నిలబడింది.

"సీత పాటకు ట్రాకు వద్దట. పాపకు మైకు ఇవ్వమన్నారు."

"ఎవరండి?"

"సార్."

ఆ మాట అంత సులువుగా తన నోట రావడం ఆమెకే వింతగా తోచింది. నాగేంద్ర తల ఊపాడు.

నాటిక మొదలైంది. గంతులు వేసి తెర వెనక్కి వచ్చిన లేడి ఊడిన తన తోకను చేత్తో పట్టుకుని ఏడుపు ముఖం పెట్టింది. ఆయా మేరమ్మ సూదీ దారం తెచ్చి, ఒక ప్లాస్టిక్ కుర్చీ ముందుకు లాగింది.

"కూర్చుని కుట్టండమ్మగారూ. నిలబడి కుడితే చేతిలో దిగుద్ది."

ఆమె కూర్చుంది. రెండు కుట్లు పడేసరికి బయట భువన గొంతు లేచింది. 'చూడవే' దగ్గర వణికింది. 'నాథ' దగ్గర నిలదొక్కుకుంది. చొక్కపు, లేడి. పొట్టిగా, తేలికగా, అడవిలోకి దూకినట్టు ఆ చివరి అక్షరం వెళ్లిపోయింది. ఉమామహేశ్వరి చేతిలో సూది ఆగింది.

"మీరు కూర్చోగా చూడటం ఇదే," అంది మేరమ్మ.

పాట ముగియగానే తెర తొలగించుకుని సుందరరావు వచ్చాడు. "నేను చెప్పానన్నారంట నాగేంద్రతో."

"అబద్ధం చెప్పానండి."

ఆమె కాదంటుందనుకుని వచ్చినవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పాప బాగానే పాడిందిలెండి. కానీ నా పేరు చెప్పి మీరే ఇలా చేస్తే..."

"నిజమేనండి. అబద్ధమాడి, రేపు ఏ ముఖంతో పిల్లల ముందు నిలబడను? ఇక రాను."

ఆయన నేల చూశాడు. "మీ ఇష్టం మేడమ్," అన్నాడు మెల్లగా.

ఆమె లేచి, సంచీ భుజాన వేసుకుని, వెనక గేటులోంచి నడిచిపోయింది. ఎప్పటిలా వడివడిగా కాదు.

చప్పట్లు ఇంకా ఆగకముందే భువన పరుగున వచ్చింది. "మేడమ్ ఏరి మేరమ్మా?"

"విస్సన్నపేట బస్సుకెళ్లారమ్మా."

ఫొటో కోసం బయట పిల్లల్ని పేర్లు పెట్టి పిలుస్తున్నారు. కుర్చీలో బంగారు రంగు సాటిన్ తోక సగం కుట్టి ఉంది. ముడి పడని దారం చివర సూది వేలాడుతోంది.