పదో పిల్ల

మా తెలుగు సెక్షన్ మూడో తరగతిలో నా దగ్గర మిగిలింది పదిమంది. ఒక్కరు తగ్గినా సెక్షన్ ఎత్తేసి, పిల్లల్ని పక్కగది హిందీ క్లాసులో కలిపేస్తామని కాగితం వచ్చింది. ఆ గదిలో అప్పటికే ఎనభైమంది. వెళ్లి మొత్తుకుంటే ఆఫీసులో బెంగాలీ గుమాస్తా “పై ఆర్డరు, దిదీ” అని టీ మాత్రం ఇప్పించాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ వారమే దాలమ్మ తన కూతురు కాసులును హిందీలోకి మారుస్తానంది.

కాసులుకు వత్తులు పలకవు. ‘పద్మ’ దగ్గర ఆగిపోతుంది. పక్కన కూర్చుని దాని నోరు తిరిగేదాకా కాచుకుంటాను. ఎనభైమందిలో ఎవరు కాచుకుంటారు? ఆ మాటే చెబుదామని ఖిదిర్‌పూర్ ఓడరేవు వెనక వాళ్లింటికి వెళ్లాను. చేతిలో పేపరు ముక్క, నా బ్రహ్మాస్త్రం!

దాలమ్మ చేపలు తోముతోంది. నేను గుమ్మంలోనే అందుకున్నాను.

“డెన్మార్క్‌లో క్లాసుకు ఇరవైమందేనట దాలమ్మా. జపాన్‌లో నలభై దాటనివ్వరట. అంత డబ్బున్న దేశాలే...”

“అయ్యో పాపం! ఆ దేశాల్లో పిల్లలు పుట్టరేటి?”

నిజంగానే జాలిపడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“అది కాదమ్మా...”

“ఊరుకోండి పంతులమ్మగోరూ. జనం నేని కొట్లో మంచి సరుకుంటాదేటి? మీరు ఈగలు తోలుకుంతన్నారు. పక్కగదిలో పిల్లలు కిటికీలెక్కి కూకుంతన్నారు. మంచి సదువు కాపోతే అంతమంది ఎల్తారేటి?”

ఒళ్లు మండింది. కానీ రేషను కొట్టయినా, ఆస్పత్రయినా, జనం మూగినచోటే ఏదో ఒకటి దొరకడం ఆవిడ బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తోంది. నా డెన్మార్క్ ఆవిడ ముందు ఏపాటి?

కాసులు మారగానే సెక్షన్ ఎత్తేశారు. నన్ను ఇంకో బడికి వేశారు. పోయేముందు కాసులును ఒక్కసారి చూద్దామని హిందీ క్లాసు కిటికీ దగ్గరికి వెళ్లాను. బెంచీకి ఆరుగురు, నేలమీద ఇంకెందరో. అందరూ ఒక్క గొంతుతో ఎక్కం అరుస్తున్నారు. ఎంత వెతికినా నా పిల్ల కనపడలేదు. 

పక్క కిటికీ దగ్గర దాలమ్మ మునివేళ్లమీద నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

“ఇందాకట్నుంచి సూత్తన్నాను పంతులమ్మగోరూ. మా కాసులు నాకే అగుపడనేదు. ఎంత పెద్ద కిలాసో!”