కేంద్రం ఖైదీలకు వేడి భోజనం

కేంద్రం ఖైదీలు వస్తున్నారంటే పాక్స్‌టన్ కౌంటీ జైల్లో పెళ్ళివారు దిగుతున్నంత హడావిడి. గేటుకు కొత్త రంగు, గోడలకు సున్నం, ప్రతి పడక మీదా ఉతికిన దుప్పటి. నలభై మంది. తన ఖైదీలను ఉంచుకుంటే తలకు రోజుకు యాభై ఎనిమిది డాలర్లు ఇస్తానంది అమెరికా కేంద్ర ప్రభుత్వం. ఊరి ఖైదీ మీద కౌంటీకి దమ్మిడీ రాదు, పైగా తిండి దండగ. కేంద్రం ఖైదీ పాడిగేదె. బొగ్గు గనులు మూతపడ్డాక ఆ కొండల్లో పాలిచ్చేది ఇంకేదీ మిగల్లేదు.

వంటవాడు వర్లిన్ కోంబ్స్‌కు యాభై రెండేళ్ళు. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు, పందొమ్మిదేళ్ళుగా ఈ వంటింట్లోనే గరిటె తిప్పుతున్నాడు. ఈ ఒప్పందం కుదరకపోతే జైలు మూసేస్తామని కౌంటీ పెద్దలు తేల్చి చెప్పారు. మూసేస్తే ఈ వయసులో అతన్ని పిలిచి పనిచ్చే నాథుడు లేడు.

తనిఖీ అధికారిణి ఖైదీల బస్సు వెంటే వస్తోంది. ఆమె రెండే చూస్తుంది: మనిషికో పడక, ఐదింటికి వేడి భోజనం. రెండూ ఉంటే సంతకం, లేకపోతే బస్సు వచ్చిన దారినే వెనక్కి.

పడకల సంగతి జైలరు రాండల్ స్టిడమ్ చూసుకున్నాడు. అక్కడ జైలర్ని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు కదా, అతనికి బతిమాలడం బాగా వచ్చు. జడ్జి కాళ్ళావేళ్ళా పడి, తాగి బండి నడిపినవాళ్ళనీ జరిమానా కట్టలేనివాళ్ళనీ పొద్దున్నే ఇళ్ళకు పంపించేశాడు. మూడు గంటలకు ఈల వేసుకుంటూ వంటింట్లోకొచ్చాడు.

"నలభై రెండు పడకలు ఖాళీ. ఎట్లా ఉంది?"

"బాగానే ఉంది. వంటెవరు చేస్తారు?"

"నువ్వేగా."

"నేనొక్కణ్ణే తరిగి, కాల్చి, వడ్డించి, గిన్నెలు తోమాలా? పొద్దున నువ్వు ఇంటికి పంపిన వాళ్ళలో ఆరుగురు నా మనుషులయ్యా."

ఈల ఆగిపోయింది. ఆ జైల్లో వంట, చాకిరేవు, గడ్డి కోత అన్నీ ఊరి ఖైదీల చేతి మీదే నడిచేవి. జీతం లేదు, శిక్షలో నాలుగు రోజులు తగ్గుతాయని చేసేవాళ్ళు. అదొక పని అని లెక్కలో రాసుకున్నవాడే లేడు.

"వచ్చేవాళ్ళ చేతే చేయిద్దాం."

"వాళ్ళకింకా శిక్ష పడలేదు. పని చెప్పకూడదు. నువ్వు సంతకం పెట్టిన కాగితాల్లో రెండో పేజీలో ఉంది."

"నువ్వు చదివావా?"

"ఉల్లిపాయల బుట్టలో పరిచి ఉంటే చదివాను."

బీన్స్ పొద్దుట్నుంచీ పొయ్యి మీదే ఉడుకుతున్నాయి. వాటిని కాపలా గార్డుకు అప్పగించి వర్లిన్ ట్రక్కెక్కాడు. ఆరుగురూ పెట్రోలు బంకు దగ్గర బెంచీ మీద వరసగా కూర్చుని సోడాలు తాగుతున్నారు. ముందున్నవాడు డెల్మర్ నోబుల్, వర్లిన్ భార్యకు స్వయానా తమ్ముడు.

"పదరా, నలభై మందికి వంట."

"ఇవాళ నేనేం నేరం చెయ్యలేదు బావా."

"చెయ్యకపోయినా పద."

"పొద్దుటిదాకా ఖైదీని, ఊరికే చేశాను. ఇప్పుడు పౌరుణ్ణి. గంటకు పదహారు డాలర్లు. మా ఆరుగురిదీ అదే మాట."

 పందొమ్మిదేళ్ళ తర్వాత వర్లిన్‌కు గంటకు వస్తున్నది పద్నాలుగున్నర.

జైలు వెనక తలుపు దగ్గరే బేరం. వర్లిన్ రేటు చెప్పగానే, వాళ్ళు నోరు తెరిచేలోపే రాండల్ ఒప్పేసుకున్నాడు. "పదహారే. ముందు లోపలికి నడవండి."

"జైలరు గారూ, వెనకనుంచి తాళం వెయ్యరు కదా?" అన్నాడు డెల్మర్.

గంటసేపు వంటింట్లో తిరనాళ్ళే. ఉల్లిపాయలు ఎగిరాయి, మొక్కజొన్న రొట్టెలు పెనాల్లో పొంగాయి, డెల్మర్ పాటెత్తుకున్నాడు. నాలుగూ యాభైకి కొండ మలుపులో బస్సు కనిపించింది. అప్పుడు వర్లిన్‌కు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఎందుకో అతనికే తెలియదు. నవ్వుతూనే ఏప్రన్ ముడి విప్పాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు రాండల్.

"నాకు పద్నాలుగున్నర."

"తర్వాత మాట్లాడుకుందాం."

"అయితే వడ్డన కూడా తర్వాతే."

బస్సు గేటు ముందు ఆగింది. రాండల్ కిటికీలోంచి చూశాడు, బీన్స్ గంగాళం చూశాడు, వర్లిన్ మొహం చూశాడు.

"ఎంత?"

ఆ మాట వర్లిన్‌ను జన్మలో ఎవరూ అడగలేదు. పద్దెనిమిది అందామనుకున్నాడు. నోరు మాత్రం ఇరవై రెండంది.

"ఇరవై రెండా? ఎక్కణ్ణుంచి తేను?"

"రెండు పడకలు మిగిలాయిగా. ఇంకో ఇద్దర్ని పంపమను."

డెల్మర్ రొట్టె కోయడం ఆపి, "మా బావకు లెక్కలొచ్చని ఇన్నాళ్ళూ అక్క నాకు చెప్పనేలేదు," అన్నాడు.

అధికారిణి బూటు చప్పుడు వరండాలో వినిపించింది. రాండల్ బియ్యం అట్టపెట్టె మూత చింపి, ఇరవై రెండని రాసి, సంతకం గీకి అతని చేతిలో పెట్టాడు. వర్లిన్ దాన్ని చొక్కా జేబులో దోపుకుని ఏప్రన్ కట్టుకున్నాడు.

ఐదింటికి నలభై పళ్ళేలు పొగలు కక్కుతూ వెళ్ళాయి. అధికారిణి నిలబడే రుచి చూసింది, కాగితాల మీద సంతకం పెట్టింది, ఇంకో రొట్టె ముక్క ఉందా అని అడిగింది. వర్లిన్ ముక్క కోయలేదు. పెనం పెనమంతా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.