దర్జీ గారి ముక్కల నడక

ఊరందరి నడుములూ కొలిచిన టేపు, దర్జీ గారి నడుము దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేసింది. షుగరు కూడా అదే దర్జాతో పెరిగింది.

“రోజూ గంట నడవాలి మాస్టారూ,” అంది డాక్టరమ్మ.

“గంటసేపు మిషను ఆపితే గిరాకీ పక్క కొట్టుకి నడుస్తుందమ్మా.”

“అయితే ముక్కలు చేసుకోండి. పొద్దున కాస్త, మధ్యాహ్నం కాస్త, సాయంత్రం కాస్త. కత్తిరించడం మీకు నేను నేర్పాలా? వచ్చే పరీక్షకి తగ్గకపోతే మాత్రం ఇన్సులిన్ సూదే.”

సూదితోనే అన్నం సంపాదించిన మనిషికి సూదంటే వణుకు. అది గుడ్డలో దిగాలి గానీ ఒంట్లో కాదని ఆయన సిద్ధాంతం.

భార్యకి ఈ సంగతి చెప్పలేదు. ఆవిడా షుగరు మనిషే. చెబితే గడియారం పట్టుకుని వెంటపడుతుంది. అందుకని ఇంటి కిందే ఉన్న కొట్టులోకి దిగేటప్పుడు కత్తెర మేడమీదే వదిలేసేవాడు. భోజనానికి వెళ్ళి దారపు రీళ్ళు వంటింట్లో, చేతులు కడుక్కుని బొత్తాల డబ్బా పెరటి గూట్లో ఉంచి వచ్చేవాడు. ఏది కావాలన్నా లేచి వెళ్ళాలి. నడకకి నడక, పనికి పని.

ఉప్పు డబ్బా పక్కన దారం చూసి ఆవిడ గుండె జారింది. ఈయనకి మతి పోతోంది అనుకుంది. పైకి అంటే నొచ్చుకుంటాడని, ఆయన చొక్కా కాజాలు కుట్టడంలో తలమునకలైనప్పుడు మేడెక్కి, పెరట్లోకి దిగి, ఒక్కొక్కటీ తెచ్చి చేతికందేలా పెట్టేది.

దర్జీ చెయ్యి చాపితే కత్తెర తగిలేది. ‘ఇందాకే వెళ్ళి తెచ్చుకున్నట్టున్నాను’ అనుకుని, ఆ విడత నడక అయిపోయినట్టే జమ కట్టేవాడు.

పరీక్ష రోజు భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు.

“మీకు బాగా తగ్గిందమ్మా. ఏం చేశారు?” అని ఆవిడని అడిగింది డాక్టరమ్మ.

“ఏముంది, ఈయన పారేసినవన్నీ ఇల్లంతా తిరిగి ఏరుకొస్తున్నాను. మతిమరుపుకి మందుంటే రాయండి.”

దర్జీ అడ్డొచ్చాడు. “అది మతిమరుపు కాదే. నా నడక.”

“మరి నడిచిందెవరు?”

దానికి జవాబు ఆయన రిపోర్టులో ఉంది. డాక్టరమ్మ సూది తీసింది. దర్జీ కళ్ళు మూసుకున్నాడు.

“నిజంగా నడిస్తే దీన్ని మానగలమేమో చూద్దాం,” అంది డాక్టరమ్మ, దూది అద్దుతూ.

మర్నాడు మిషను ముందు కూర్చుని చెయ్యి చాపాడు. ఏమీ తగల్లేదు.

“ఏమే, కత్తెరేది?”

“మేడమీద.”

“దారం?”

“వంటింట్లో.”

“కాస్త అందిద్దూ.”

“నాకు తగ్గిపోయిందండీ,” అంది భార్య, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.