మాటలు చేరవేసే పని

తడి తువ్వాలు కుర్చీ మీద ఎవరు వేశారన్నది ఆ రోజు గొడవ.

కుర్చీ మా అత్తయ్యది. వెనక గదిలో కిటికీ పక్కన ఉంటుంది. తువ్వాలు మా కోడలిది. దాన్ని అక్కడ వేసింది మాత్రం నా మనవరాలు పిట్ట. అది అప్పటికే బడికి వెళ్ళిపోయింది.

"మహారాణిగారికి తాడు కనపడలేదా? ఆరేసుకోడానికి నా కుర్చీయే దొరికిందా?" అంది అత్తయ్య.

కోడలు చెవికి రింగు పెట్టుకుంటూ గుమ్మంలో ఆగి నా వైపు చూసింది. ఆవిడ ఏమంటున్నారని ఇంగ్లీషులో అడిగింది.

"నీకు ఆలస్యమవుతోంది కదా, తువ్వాలు తను ఆరేస్తారట," అన్నాను నేనూ ఇంగ్లీషులోనే.

"ఆరేసేవాళ్ళ మొహం అలా ఉంటుందా? అది అక్కడ వేసింది నేను కాదు. పొద్దున్నే నా మీద అరవొద్దని చెప్పండి."

"ఏమంటోంది?" అంది అత్తయ్య.

"పొరపాటయిందట. ఇంకోసారి జరగదంటోంది."

"ఆ ముక్క చెప్పడానికి అంతసేపా? వాళ్ళ భాషలో పొరపాటు అంత పొడుగ్గా ఉంటుందా?"

కోడలు చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నేను తువ్వాలు తీసుకెళ్ళి తాడు మీద వేసి, కుర్చీ పొడిగుడ్డతో తుడిచాను. ఇంట్లో గొడవ జరగలేదు. జరగకుండా చూడటం ఏడేళ్ళుగా నా పని.

మావాడు పెళ్ళి చేసుకున్న అమ్మాయి భాష మాకు రాదు, మా భాష ఆమెకు రాదు. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో ప్రేమించుకున్నారు, ఇంగ్లీషులోనే పోట్లాడుకుంటారు. అత్తయ్యకి ఇంగ్లీషు ముక్క రాదు. నేను కాలేజీలో మూడేళ్ళు ఇంగ్లీషు చదువుకున్నాను. కాబట్టి ఆ మొదటి రోజు, కొత్త కోడలు సామాను ఇంకా గుమ్మంలో ఉండగానే, అందరూ నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ తిప్పుకోలేదు.

నిజానికి మావాడిది కాక మా ఇంట్లో ఇంకా నాలుగు ఇంగ్లీషులున్నాయి. మావారు ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశారు. ఆయన ఇంగ్లీషంతా లిఫ్టుతోపాటు వచ్చే పుస్తకాల్లోది. పిట్ట ఎక్కువ తింటుంటే 'ఓవర్‌లోడ్' అంటారు. కోడలి ఇంగ్లీషుకి వాళ్ళ భాష రాగం ఉంది. వాక్యం చివర గొంతు మెట్టెక్కి ఆగుతుంది. నాది పుస్తకాల్లో పుట్టి పుస్తకాల్లోనే పెరిగింది. పిట్టది ఎక్కడిదో ఎవరికీ తెలీదు. ఆరేళ్ళ పిల్ల, మాలో ఎవరిలానూ మాట్లాడదు. టాబ్లెట్‌లో బొమ్మలు మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

"నానమ్మా, అలా ఎవరూ అనరు," అంటుంది నేను ఏదైనా అంటే.

"తప్పా?"

"తప్పు కాదు. పాతది."

తప్పయితే దిద్దుకోవచ్చు. పాతదైతే ఏం చేస్తాం?

కోడలు స్పీచ్ థెరపిస్టు. నత్తి ఉన్న పిల్లలు, నాలుగేళ్ళొచ్చినా నోరు విప్పని పిల్లలు ఆమె దగ్గరికొస్తారు. ఎదురుగా అద్దం పెట్టి, ఒక్కో శబ్దానికీ పెదాలు ఎలా పెట్టాలో చూపించి మాట రప్పిస్తుంది. కిందటి నెల ఒక సాయంత్రం వంటింట్లో కప్పులు కడుగుతూ, నల్లా శబ్దంలో కలిసిపోయేలా చెప్పింది. క్లినిక్కులో ఇప్పుడు తల్లిదండ్రులు వేరే మేడమ్ కావాలని అడుగుతున్నారట. ఆమె యాస పిల్లలకి అంటుకుంటుందట. వారానికి ఐదు రోజుల పనిని రెండు రోజులు చేశారు.

"ఒకప్పుడు మా పిల్లాడు 'అమ్మా' అంటే చాలని తల్లులు ఏడ్చేవాళ్ళు," అంది. "ఇప్పుడు ఏ యాసలో అంటాడని అడుగుతున్నారు. 'బ' అనడానికి పిల్లాడు నా పెదాలు చూస్తాడు గాని, నా ఊరు చూస్తాడా?"

ఒక కప్పు రెండుసార్లు కడిగింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. ఇంట్లోనే పిల్లల్ని చూద్దామనుకుంటోంది. ఆరుగురు తల్లులు వస్తామన్నారు. కావలసిందల్లా వీధి చప్పుడు వినపడని గది. ముందు గదిలో బస్సుల మోత. మేడ మీద మావాడి గదిలో నీళ్ళ పంపు మోత. చప్పుడు లేనివి వెనకవైపు గదులు రెండే. ఒకటి అత్తయ్యది, రెండోది మాది. మాది చిన్నది, అందులోనూ రెండు బీరువాలు. అత్తయ్య గది అద్దానికీ చాపకీ సరిపోతుంది. ఇది కుదరకపోతే పై నెలాఖరుకి ఆ తల్లులు ఇంకెవర్నో చూసుకుంటారు. కుదిరితే ఆమె పని ఆమెకు మిగులుతుంది.

మర్నాడు అత్తయ్యతో అన్నాను. కోడలికి పని తగ్గిందనీ, గది అడుగుతోందనీ మాత్రమే చెప్పాను. యాస సంగతి చెప్పలేదు. పెద్దావిడని అలాంటి వాటితో బాధపెట్టడమెందుకు అనుకున్నాను.

అత్తయ్య కిటికీలోంచి చూపు తిప్పకుండా, "నేను పోయాక తీసుకోమను. ఎన్నాళ్ళో పట్టదులే," అంది.

నేను వంటింట్లోకి వచ్చి కోడలితో, "కొన్నాళ్ళు ఆగమన్నారు," అన్నాను.

ఇందులో అబద్ధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. కాని కోడలు ఊరుకోలేదు.

"కొన్నాళ్ళంటే?"

"ఈ నెల గడవనీ."

ఇది అబద్ధం. నోట్లోంచి సులువుగా వచ్చేసింది. ఏడేళ్ళ అలవాటు.

నెల గడిచింది. ఆ తువ్వాలు గొడవ జరిగిన రోజే మధ్యాహ్నం రెండింటికి వడ్రంగి వచ్చాడు. అప్పటికి క్లినిక్కు నుంచి వచ్చి మేడ మీదున్న కోడలు పిలిపించిందట. నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. అతను చెవి మీద పెన్సిలు, చేతిలో టేపుతో సూటిగా వెనక గదిలోకి వెళ్ళాడు. అత్తయ్య మంచం మీద నడుం వాల్చి ఉంది. అతను గోడకీ మంచానికీ మధ్య టేపు పరిచాడు, అట్టముక్క మీద అంకె రాసుకున్నాడు. అతనిదీ కోడలి భాషే, ఆవిడకి రాదు. ఆవిడ లేచి కూర్చుని ఏమిటన్నట్టు చెయ్యి తిప్పింది. అతను నవ్వి, రెండు చేతులతో మంచాన్ని గుమ్మం వైపు తోస్తున్నట్టు చూపించాడు.

ఆ ఒక్కదానికి మాత్రం నా సాయం అక్కర్లేకపోయింది.

"అమ్మాయ్!" అన్న కేక వినేసరికి పాలు పొంగాయి. పొయ్యి ఆర్పి వెళ్ళేటప్పటికి మేడ దిగి కోడలు కూడా వచ్చింది. వడ్రంగి టేపు చుట్టుకుంటూ గోడకి ఆనుకున్నాడు.

"నా మంచం ఎక్కడికి పోతోందో వీడు నాకు చూపిస్తున్నాడు. నేను బతికుండగానే మోసేస్తారా?" అంది అత్తయ్య. "నేను పోయాకన్నానా లేదా? నువ్వు చెప్పావా లేదా?"

"ఆవిడ ఒప్పుకున్నారు కదా?" అంది కోడలు ఇంగ్లీషులో. "ఈ నెల గడవనీ అన్నారు కదా? ఇప్పుడెందుకు అరుస్తున్నారు?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఇలాంటప్పుడు నాకు ఎప్పుడూ ఏదో ఒకటి తోచేది. కొలతలు మాత్రమే తీసుకుంటున్నాడు అనొచ్చు. ఆవిడకి ఒంట్లో బాగోలేదు అనొచ్చు. ఆ రోజు ఏమీ తోచలేదు. చేతికి పాల తడి, కాళ్ళు నొప్పి. ఎక్కడైనా కూర్చోవాలనిపించింది. అత్తయ్య కుర్చీలో కూర్చున్నాను. దాన్లో నేనెప్పుడూ కూర్చోలేదు.

"తను పోయాక తీసుకోమన్నారు," అన్నాను కోడలితో. "ఆ రోజు అన్నదీ అదే. ఈ నెల గడవనీ అన్నది నేను."

తర్వాత అదే అత్తయ్యకి తెలుగులో చెప్పాను. "మీరొద్దన్నారని నేను దానికి చెప్పలేదు."

వడ్రంగి పెన్సిలు తీసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

"పొద్దున తువ్వాలు?" అంది కోడలు.

"ఆరేస్తాననలేదు. మహారాణికి తాడు కనపడలేదా అన్నారు."

"అంటే ఏడేళ్ళుగా నేను మాట్లాడుతున్నది ఎవరితో?"

అత్తయ్య నా భుజం తట్టి, "ఏమంటోంది? ఉన్నదున్నట్టు చెప్పు," అంది. చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, "బాగానే అడిగింది," అంది.

అప్పుడు మిగతాది కూడా చెప్పేశాను. క్లినిక్కు, వేరే మేడమ్ కావాలన్న తల్లులు, రెండు రోజుల పని, ఆరుగురు పిల్లలు, నెలాఖరు. అత్తయ్య వింటూ మంచం అంచుకి జరిగింది.

"మాట తీరు బాగోలేదన్నారా దీన్ని?"

"అవును."

"నేను కాపరానికొచ్చిన కొత్తలో," అంది ఆవిడ, "నాలుగు నెలలు దుకాణంలో వేలు పెట్టి చూపించి సరుకులు కొన్నాను. తెలుగే. నాదీ తెలుగే, వాళ్ళదీ తెలుగే. నోరు విప్పితే, ఇంకోసారి అనమ్మా, ఇంకోసారి అనమ్మా అని అక్కడున్నవాళ్ళందరినీ పిలిచేవాడు దుకాణంవాడు." ఆగింది. "ఇది నాకెందుకు చెప్పలేదే?"

"బాధపడతారని."

"నా బాధ నీకెందుకు? అది నా సొంతం."

కోడలికి ఆ దుకాణం సంగతి పూర్తిగా చెప్పాను. ఒక్క మాట కలపలేదు, తీయలేదు. నిజం చేరవేయడం ఇంత తక్కువ పని అని నాకు తెలీదు. ఆమె అత్తయ్య వైపు చూసింది. ఇక ఇద్దరూ దగ్గరవుతారని, కథ సుఖాంతమని అనుకున్నాను.

"అయితే మాత్రం," అంది అత్తయ్య, "జాలి వేరు, గది వేరు. గది ఇవ్వను. ఈ కిటికీ నాది. అది కూడా చెప్పు."

అది కూడా చెప్పాను.

కోడలు "సరే," అంది తెలుగులో. ఆమెకి వచ్చిన పాతిక తెలుగు మాటల్లో అదొకటి. తర్వాత నాతో ఇంగ్లీషులో, "కనీసం ఇది ఆవిడ అన్న మాట," అని, వడ్రంగికి ఏదో చెప్పి పంపించేసింది. మేడ మీదికి వెళ్తున్న ఆమె అడుగులు విన్నాను. గొంతు మెట్టెక్కే మనిషి, కాళ్ళు మాత్రం ఈడ్చుకుంటూ వెళ్ళింది.

పొంగిన పాలు పొయ్యి చుట్టూ ఎండి అంటుకుపోయాయి. సాయంత్రం దాకా వాటిని గీకుతూనే ఉన్నాను. గీకుతూ ఆలోచించాను. ఏడేళ్ళలో పాతిక మాటలు. బుద్ధి లేక కాదు, ఎవరి పిల్లాడికైనా మాట తెప్పించే మనిషి. అవసరం లేక. నేనున్నాను కదా. అత్తయ్యా అంతే. కొడుకూ మనవడూ ముని మనవరాలూ ఇంగ్లీషు మాట్లాడే ఇంట్లో ఉండి మంచినీళ్ళు అడగడం నేర్చుకోలేదు. నేనున్నాను కదా.

రాత్రి భోజనానికి ఆరుగురం కూర్చున్నాం. మావాడికి సంగతంతా తెలిసినట్టుంది. కంచంలోకి చూస్తూ తెలుగులో గొణిగాడు.

"అమ్మా, నువ్వే బామ్మకి మెల్లగా నచ్చజెప్పు. నువ్వు చెబితే బాగుంటుంది."

"నేను ఇక్కడే ఉన్నానురా, చెవులు కూడా ఉన్నాయి," అంది అత్తయ్య.

వెంటనే వాడు ఇంగ్లీషులోకి మారి, భార్యని కాస్త ఓపిక పట్టమని చెప్పమన్నాడు. భార్య వాడి పక్కనే ఉంది. చెప్పమన్నది మాత్రం నన్ను.

"అవును, నువ్వే చూడు," అన్నారు మావారు ఉప్పు అందుకుంటూ.

అత్తయ్య కోడలి కంచం వంక చూసి, "ఏమీ తినట్లేదు. కూర వేసుకోమను," అంది నాతో.

మంచి మాట. చేరవేయడానికి ఏ కష్టమూ లేని మాట. కోడలు అలవాటుగా తలెత్తి నా కోసం చూసింది. అందరూ చూశారు. నేను గరిటె గిన్నెలో పెట్టేశాను.

"ఒక సంగతి చెబుతాను," అన్నాను. ప్రతి వాక్యం ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో, ఎక్కడా తగ్గించకుండా. "అత్తయ్య గది అత్తయ్యదే. ఎల్లుండి నుంచి పిల్లలు మా గదిలోకి వస్తారు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. బీరువాలు రేపు ముందు గదిలోకి జరుపుతాం. ఆ వేళకి నేను ఎలాగూ వంటింట్లోనే ఉంటాను. రెండోది, ఇకనుంచి నేను ఎవరి మాటా ఎవరికీ చేరవేయను. మంచిదీ, చెడ్డదీ కూడా. తిట్టుకోవాలన్నా మీరే తిట్టుకోండి."

కోడలి చేయి కంచంలో ఆగిపోయింది. పిట్ట మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది.

"మా గదా?" అన్నారు మావారు. పదింటికి పేపరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్తే ఒంటిగంటకి గాని లేవరు ఆయన. "మరి నేనెక్కడ పడుకోను?"

"మీరు పడుకోవద్దు. వెనక గదిలో మీ అమ్మగారి పక్కన కూర్చోండి. కోడలు ఏమన్నా అంటే ఆవిడకి చెప్పండి. మీకు రెండు భాషలూ వచ్చు."

"నాకంత ఇంగ్లీషు ఎక్కడ..."

"ఉన్నంత చాలు," అన్నాను. "ముందు మీ అమ్మగారు ఇందాక అన్నది కోడలికి చెప్పండి. కూర చల్లారిపోతోంది."