పక్క కుర్చీ

అచ్చియమ్మకి అసూయ కొత్తగా పుట్టింది కాదు. కాపరానికొచ్చిన నెలలోనే మొగుణ్ణి కొంగుకి ముడేసుకుందని కశింకోటలో పేరు తెచ్చుకుంది. ఆ పేరుకి ఆమె ఏనాడూ బాధపడలేదు.

ఎర్రిబాబు అప్పట్లో పంచదార ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బాయిలర్ పైపుల వేడి బయటికి పోకుండా వాటికి తెల్లటి పీచు చుట్టడం అతని పని. సాయంత్రం ఇంటికొస్తే ఖాకీ బట్టలే కాదు, కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. పాపం కొత్త కోడలు కదా అని ఆడపడుచు ఆ బట్టలు ఉతకబోతే అచ్చియమ్మ వాటిని ఆమె చేతిలోంచి లాక్కుంది. తన మొగుడి బట్టల మీద ఇంకొకర్తె చెయ్యి పడడానికి వీల్లేదంది. రోజూ వాటిని పెరట్లో గట్టిగా దులిపి, దుమ్మంతా రేగిపోయాక, రాతి మీద బాది ఉతికేది. ఇరవై రెండేళ్ళు, ఆ పని మానేసే దాకా అతని ఖాకీలు ఆమె తప్ప ఎవరూ ముట్టుకోలేదు. అది తల్చుకుంటే ఆమెకి ఇప్పటికీ గర్వమే.

అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట మొగుడు చేజారిపోతున్నాడన్న బెంగ పట్టుకుంది.

కిందటి చలికాలంలో ఎర్రిబాబుకి ఆయాసం మొదలైంది. టీబీ అని ఆరు నెలలు మందులు మింగించారు, తగ్గలేదు. చివరికి విశాఖపట్నంలో ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి, చిన్న ముక్క కోసి పరీక్షకి పంపితే మీసోథీలియోమా అని తేలింది. ఊపిరితిత్తి మీది పొరకి పట్టే క్యాన్సర్ అన్నాడు డాక్టరు. ఆ తెల్ల పీచు ఆస్‌బెస్టాస్ అట. కంటికి ఆనని దాని పోగులు గాలితో లోపలికి పోతే ఇక బయటికి రావట, ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాతైనా జబ్బు లేపుతాయట. పూర్తిగా నయం కాదుగానీ నీరు తీస్తూ, నొప్పి తగ్గిస్తూ, మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చని చెప్పాడు. ఎర్రిబాబు అంతా విని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇంటికొచ్చాక అసలు మాట్లాడడమే మానేశాడు.

అనకాపల్లి ఆసుపత్రిలో హాసిని అనే నర్సు అతన్ని చూసి, ఈ జబ్బుతో మనిషి ఒంటరిగా కూర్చోకూడదంది. అక్కడ మేడ మీద గదిలో నెలకి రెండు లక్ష్మివారాలు క్యాన్సర్ రోగులంతా కలిసి కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటారు. ఇంటివాళ్ళకి పక్క గదిలో రోగికి దిండ్లు ఎలా వెయ్యాలో, నొప్పి మాత్రలు ఏ వేళకి ఇవ్వాలో నేర్పిస్తారు. అచ్చియమ్మే పోరుపెట్టి మొగుణ్ణి అక్కడికి తీసుకెళ్ళింది. తర్వాత తన నోరు తనే తిట్టుకుంది.

ఎందుకంటే అక్కడ చిన్నమ్మలు ఉంది. నక్కపల్లి అవతల సముద్రపొడ్డు మనిషి, చేపలమ్మి బతికింది. యాభై దాటినా ముక్కుపుడక తళుక్కుమంటుంది, నవ్వితే గది మొత్తం వినిపిస్తుంది. ఆమెకీ అదే జబ్బు. ఎర్రిబాబు ఎప్పుడూ ఆమె పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. దిండ్లు వెయ్యడం నేర్చుకోవలసిన అచ్చియమ్మ తలుపు అద్దంలోంచి వాళ్ళనే చూస్తూండేది. ఇంట్లో నోరు మెదపని మొగుడు అక్కడ తల వంచుకుని ఏదో అడుగుతాడు, ఆ మనిషి చెప్తుంది, ఇతను మళ్ళీ అడుగుతాడు. అన్నా అని పిలుస్తుందట. అన్నా అంటే అయిపోయిందా?

లక్ష్మివారం పొద్దున్నే గడ్డం గీసుకోవడం చూసింది. ఫోను పట్టుకుని పశువుల శాలలోకి పోవడం చూసింది. అవన్నీ ఓర్చుకుంది. కానీ తను వండింది ఏదీ సయించడం లేదని కంచం తోసేసిన మొగుడు, చిన్నమ్మలు తెచ్చిన చేపల పులుసుతో రెండు ముద్దలు తిన్నాడు. ఆ పూట ఆమెకి ఆ గిన్నె కడగడానికి కూడా చెయ్యి రాలేదు.

ఇంటి దగ్గర మాత్రం అతనికి భార్య పనిమనిషిలా కనిపించినట్టుంది. మేడ మీద చాప ఉంది తెమ్మంటాడు. తెస్తే, అది కాదు ఇంకోటంటాడు. ఆమె మెట్లు దిగుతుంటే గుడ్లప్పగించి చూసి, ఆయాసం వస్తోందా అని అడుగుతాడు. ముసలిదాన్నయ్యానని గుర్తు చేస్తున్నాడు, ఆ ముక్కుపుడకతో పోల్చి చూస్తున్నాడు అనుకుని ఆమె లోలోపల కుమిలిపోయేది.

ఒక లక్ష్మివారం ఎర్రిబాబుకి మళ్ళీ నీరు చేరింది. ఆసుపత్రిలో కింద మంచం మీద పడుకోబెట్టి తీస్తున్నారు, గంట పడుతుందన్నారు. అచ్చియమ్మ కొంగు నడుముకి చుట్టి మేడెక్కింది. చిన్నమ్మలు ఒక్కతే కుర్చీలు సర్దుతోంది.

"నా మొగుడు నీకేటి సెప్తన్నాడు?" అంది అచ్చియమ్మ, గుమ్మంలోంచే. "నాకు సెప్పనిది నీకెందుకు సెప్తన్నాడు?"

చిన్నమ్మలు నవ్వలేదు. కుర్చీ ఆనుకుని ఊపిరి తీసుకుంది.

"సెప్పడు వదినా. అడుగుతాడు. నీ గురించే."

"నా గురించి నీకేటి తెలుసని?"

"నీ గురించి తెలీదు, నా జబ్బు గురించి తెలుసు. ముందు ఏ పక్కన నొప్పెట్టింది, మెట్లెక్కితే ఆయాసం ఎప్పుడు మొదలైంది, అదే అడుగుతాడు. నేను ఏ ఫేక్టరీ మొకమూ ఎరగను వదినా. పడవ మానేసి ఓడల రిపేరుకెళ్ళి పాత పైపులు ఊడదీసింది మాయన. ఆయనకేటీ లేదు, గుండ్రాయిలా ఉన్నాడు. నేను ఆయన బట్టలు దులిపి ఉతికేను. అంతే."

అచ్చియమ్మకి పెరట్లో తెల్లగా రేగిన దుమ్ము, దానిలో నిలబడి దగ్గుతూ మురిసిపోయిన తన ముఖం గుర్తొచ్చాయి. భయం వెయ్యవలసిన చోట ఆమెకి ముందు వేసింది కోపమే. తన కోసం పడ్డ భయం కూడా మొగుడు తీసుకొచ్చి ఈ మనిషి చేతిలోనే పెట్టాడు. ఆ భయం కూడా తనది కాకుండా పోయింది. భయమైతే తర్వాత, మెట్లు దిగుతుంటే వేసింది.

కింద హాసినిని పట్టుకుని అడిగింది. అలా ఉతికినవాళ్ళందరికీ రాదని, ఇది అంటుకునే జబ్బు కాదని, అయినా ఆ సంగతి డాక్టరుకి చెప్పి ఎక్స్‌రే తీయించుకోవడం మంచిదని హాసిని చెప్పింది. మళ్ళీ అందరూ కూర్చునే లక్ష్మివారానికి చీటీ రాసిచ్చింది. ఆటోలో కశింకోట చేరేదాకా అచ్చియమ్మ ఆ చీటీని జాకెట్లోనే దాచుకుంది.

సాయంత్రం ఎర్రిబాబు అరుగు మీద మూడు దిండ్లకి చేరగిలబడ్డాడు. నీరు తీశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. "ఒలే, మేడ మీద గోనెసంచి ఉంది, అట్టుకురా" అన్నాడు.

అచ్చియమ్మ కదల్లేదు. "నాకు ఆయాసం లేదు. వత్తే నీకే ముందు సెప్తాను. నీలాగ ఊరోళ్ళకి సెప్పను."

ఆమె చీటీ తీసి అతని ఒళ్ళో పడేసింది.

"ఆ దుమ్ము ఇలాటిదని నాకు తెలీదే" అన్నాడు అతను, చీటీ చూసి. "తెలిత్తే బట్టలు అక్కడే ఇప్పేసి వచ్చేవాణ్ణి. నీ సేత ముట్టించేవాణ్ణి కాదు."

"నువ్వొద్దంటే నేను ఇనేదాన్నా? ఇంకొకర్తె ఉతుకుతంటే సూసి ఊరుకునేదాన్నా?"

ఎర్రిబాబు నవ్వబోయాడు, అది దగ్గయింది. దగ్గు తగ్గాక అతని కళ్ళు తడిగా ఉన్నాయి. నీకే సెప్పాలనుకునీవాణ్ణి, నోరొచ్చేది కాదు అన్నాడు. ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. తనకీ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అతను చిన్నమ్మలుకి ఫోను చెయ్యాలి, నీరు తీశారో లేదో తనకి చెప్పమంది అన్నాడు. అచ్చియమ్మ అతని చేతిలోంచి ఫోను లాక్కుని తనే చేసింది.

"నీరు తీసేరు, బాగున్నాడు" అంది. అవతల చిన్నమ్మలు ఏదో అడిగింది. అచ్చియమ్మ చీటీ వంక చూసింది, మొగుడి వంక చూసింది.

"లచ్చివారం నేనూ ఎక్స్‌రేకి వత్తన్నాను. నీ పక్క కుర్సీ నాకట్టిపెట్టు" అంది. "ఆయనకి కాదు."