వెనక్కి చాపిన చెయ్యి

ఊరందరి ఒంటి కొలతలూ కంఠతా వచ్చిన దర్జీకి, చలికాలం పొద్దున్నే పరుగుకు వెళ్లేటప్పుడు తన ఒంటిమీద ఎన్ని బట్టలుండాలో మాత్రం ఏనాడూ తేలలేదు. ఆ లెక్క భార్యది.

"గుమ్మంలో కాస్త వణకాలండీ. ఇక్కడే వెచ్చగా ఉంటే సందు చివరికి ఉడికిపోతారు," అనేది.

ఆయన వింటేగా! బనీను, చొక్కా, ఆ పైన మందపాటి స్వెటర్. సందు చివర చెమటలు కక్కుతూ స్వెటర్ విప్పి, తిరిగి చూడకుండా చెయ్యి వెనక్కి చాపేవాడు. సైకిల్ మీద వెంట వచ్చే ఆవిడ దాన్ని అందుకుని, "చెప్తే వినరు కదా," అని సణుగుతూ బుట్టలో పడేసేది. ముప్పై ఏళ్లు ఇదే తంతు.

ఆవిడ పోయాక ఇదే మొదటి చలికాలం. నెలల తరబడి గడప దాటని మనిషి ఇవాళ ఎలాగో బూట్లు వేసుకున్నాడు. గుమ్మంలో వణుకు పుట్టింది. మళ్లీ లోపలికెళ్లి స్వెటర్ తొడుక్కున్నాడు. గోడకు ఆనించిన సైకిల్ వైపు చూడకుండా గేటు తీశాడు.

సందు చివరికి వచ్చేసరికి ఒళ్లంతా ఉడుకెత్తిపోయింది. పరుగు ఆపకుండానే స్వెటర్ విప్పి, చెయ్యి వెనక్కి చాపి, వదిలేశాడు.

పాలవ్యాను డ్రైవర్ కేకేశాడు: "పెద్దాయనా, మీ స్వెటర్ పడిపోయింది!"

"పర్లేదు బాబూ, వెనక మా ఆవిడ వస్తోంది," అన్నాడు దర్జీ.

ఇంకో నాలుగడుగులు వేశాక గానీ కాళ్లు ఆగలేదు. తడిసిన చొక్కాలో అప్పుడు పట్టుకుంది చలి.