రాన్‌వేగ్ స్వెటరుకు పట్టిన ఊపిరి

హూసవిక్ అనే చలిదేశపు రేవు ఊరి సముద్రంలో తిమింగలాలున్నాయని లోకమంతా నమ్ముతుంది. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, బొంతల్లాంటి దుస్తులు తొడుక్కుని, పడవెక్కి, చూసి, మురిసిపోయి వెళ్తారు. నమ్మనిది రాన్‌వేగ్ ఒక్కతే. ఆవిడ పుట్టిందీ ఈ ఊళ్ళోనే, అరవై ఎనిమిదేళ్ళుగా ఉన్నదీ ఈ ఊళ్ళోనే. ఒక్క తిమింగలాన్నీ చూసిన పాపాన పోలేదు.

"అవి అలల వీపులే. చలికి కళ్ళు నీళ్ళు కారితే తోకలు కనబడతాయి," అని రోజూ పొద్దున్నే ఈతకొలను పక్కన ఊరివాళ్ళంతా కలిసి కూర్చునే వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి తీర్పు చెప్పేది. ఆ తొట్టిలో పలికిన మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగొస్తుంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి రాన్‌వేగ్.

ఆ మాట గుచ్చుకునేది చెల్లెలు ఆల్దీస్‌కు. ఇరవై రెండేళ్ళుగా పడవ మీద నిలబడి "అదుగో, అదుగో" అని చూపించడమే ఆవిడ ఉద్యోగం. అంటే అక్క లెక్కన ఇన్నేళ్ళూ ఆవిడ అబద్ధాలే చెప్పిందన్నమాట. ఇవాళ ఆఖరి పడవ, రేపటినుంచి విశ్రాంతి. అబద్ధాలకోరన్న పేరుతో దిగిపోవడం ఆల్దీస్‌కు చచ్చినా ఇష్టం లేదు.

"ఇవాళొక్కసారి రా అక్కా. ఉన్నాయని తేలితే, మా చెల్లెలు అబద్ధాలాడదని తొట్టిలో అందరిముందూ చెప్పాలి."

"తేలినప్పుడు చూద్దాంలేవే!" అంది రాన్‌వేగ్, ఊలు ఉండ సంచిలో వేసుకుంటూ.

అసలు తంటా ఆ ఊలుతోనే. ఇంతకుముందు ఏడుసార్లు వచ్చింది. ఏడుసార్లూ తోక లేచే సమయానికి ఆవిడ తలవంచుకుని స్వెటరు అల్లిక లెక్కపెట్టుకుంటోంది. లెక్క మధ్యలో తలెత్తడం ఆ వంశపు ఆడవాళ్ళకు అలవాటు లేదు. అందుకని ఈసారి రేవు దాటగానే ఆల్దీస్ సూదులు లాక్కుని కెప్టెన్ స్టూర్లా చేతిలో పెట్టింది.

"ఒసేయ్, చెయ్యీ కాలూ ఆడక చచ్చిపోతానే!"

"చావకుండా నీళ్ళకేసి చూడు."

గంటన్నర చూశారు. అఖాతం అన్నం తిని పడుకున్న పిల్లిలా కదలకుండా ఉంది. స్టూర్లా ఇంజను ఆపేశాడు. రాన్‌వేగ్ గెలిచిన మొహం పెట్టి పడవ అంచు కడ్డీ మీదుగా వంగింది. సరిగ్గా ఆవిడ ముక్కు కిందే, బస్సంత వీపు ఒకటి నల్లగా పైకి తేలి, బుస్సుమని ఊపిరి వదిలి, మునిగిపోయింది. పడవంతా కేకలు. ఒక పెద్దమనిషి ఆనందం పట్టలేక పక్కవాళ్ళావిణ్ణి కౌగిలించుకున్నాడు.

"చూశావా అక్కా? చూశావా?"

"చూసేదేంటి నా మొహం! కళ్ళద్దాల మీద ఎవరో చీమిడి కుమ్మరించారు!"

ఆల్దీస్‌కు ఏడుపొక్కటే తక్కువ. అక్క కళ్ళద్దాలు తుడుచుకుని, ముక్కు చిట్లించింది.

"ఎవరిదే ఈ కంపు? కుళ్ళిన చేపల్ని క్యాబేజీతో ఉడకేసినట్టుంది."

"దాని ఊపిరే. నీ నెత్తిమీద వదిలింది," అంది ఆల్దీస్ నీరసంగా.

రాన్‌వేగ్ స్వెటరు చెయ్యి వాసన చూసింది. మళ్ళీ చూసింది. తిరుగు ప్రయాణంలో పంచిన దాల్చినచెక్క రొట్టె కూడా ముట్టలేదు. దాంతో ఆల్దీస్‌కు నిజంగానే భయమేసింది.

పడవ దిగి రాన్‌వేగ్ తిన్నగా ఈతకొలనుకు నడిచింది. చెల్లెలు వెనకే పరిగెత్తింది. అక్కడి కాపలా మనిషి బేరా గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది. బట్టలన్నీ విప్పి, సబ్బుతో తోముకున్నాకే ఎవరైనా తొట్టి దగ్గరికి వెళ్ళాలి. తోముకోని పరాయివాళ్ళను కేకలేసి వెనక్కి పంపడంలో ఇన్నేళ్ళూ రాన్‌వేగే అందరికంటే ముందు.

"సబ్బు," అంది బేరా, ముక్కు మూసుకుని.

"రుద్దుకోను."

"ఏంటీ? నువ్వేనా ఈ మాటనేది?"

"రుద్దుకుంటే పోతుందే తల్లీ! పోయాక వీళ్ళకేం చూపించను?"

రాన్‌వేగ్ బేరా చంక కిందుగా దూరి, స్వెటరుతో, బూట్లతో తొట్టి దాకా వెళ్ళిపోయింది. నీళ్ళలో ఐదు తలలున్నాయి. "చూడండి," అని చెయ్యి చాపింది. పదవి విరమించిన చర్చి పాదిరిగారు ముందు వాసన చూసి దేవుణ్ణి తలుచుకున్నారు. మిగతావాళ్ళు అవతలి అంచుకు జరిగారు.

"తిమింగలాన్ని నేను చూళ్ళేదు," అంది రాన్‌వేగ్ గొంతెత్తి. "చూడందాన్ని చూశాననను. కానీ ఇంత కంపు కల్పించడం మా చెల్లెలి తరం కాదు. అంత తెలివి దానికెక్కడేడ్చింది? కాబట్టి ఇన్నేళ్ళూ అది చెప్పిందంతా నిజమే!"

మెచ్చుకుందో తిట్టిందో ఆలోచించుకునే ఓపిక ఆల్దీస్‌కు లేదు. గబగబా వెళ్ళి అక్కను కావలించుకుని, ఆ స్వెటరులోనే మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"బాగుంది," అంది బేరా. "ఇప్పుడు ఇద్దరూ తోముకోవాలి."